కత్తెర్లకి ఎన్ని కూతలు?

నేను ఒక పన్నెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ని. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో అయినా, నాకు ఊహ తెలిసింది మాత్రం బొబ్బిలిలో, నర్సుల హాస్టల్ వంటగదిలో. పప్పు బాగుంటే వంటామెను మెచ్చుకునేవారు, అడుగంటితే నన్ను తిట్టేవారు. హాస్టల్‌కి ఇంకా పెద్ద పాత్రలు వచ్చాక, అక్కడే ఉండి చదువుకుని ఆసుపత్రిలో చేరిన కుసుమ నన్ను అడిగి ఇంటికి తెచ్చుకుంది.

ఆ ఇంట్లో నావి రెండు బతుకులు. మామూలు రోజుల్లో ఆమె అత్తగారు పైడమ్మ చేతిలో పప్పూ, పండగలకి మాంసమూ. కొండ ఊళ్లలో వైద్యశిబిరం పెడితే మాత్రం కుసుమ నన్ను తోమి, రబ్బరు మార్చి వెంట తీసుకెళ్లేది. ఆమె ఆపరేషన్ థియేటర్ నర్సు. అక్కడ కత్తెరలూ పటకార్లూ నాలోనే ఆవిరిపట్టేది. వారం తిరక్కుండా మళ్లీ నాలో పప్పు. మనుషులకి నా మీద ఇంత నమ్మకం ఎందుకో నాకే అర్థమయ్యేది కాదు.

పోయిన ఏడాది కుసుమకి మలావీ ప్రయాణం కుదిరింది. ఆఫ్రికాలో చిన్న దేశం అది. గ్రహణం మొర్రితో పుట్టిన పసిపిల్లలకి ఉచితంగా ఆపరేషన్లు చేయడానికి డాక్టర్ హనీఫ్ పదిహేను రోజులు వెళ్తున్నారు, సాయంగా ఆమె. నెల రోజులు ఇంట్లో సర్దుడే సర్దుడు. పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదట. ఒక పెట్టెలో మందులు, కుట్లు వేసే దారాలు. రెండో దాంట్లో పరికరాలు, నాలుగు చీరలు, పైడమ్మ పెట్టిన ఆవకాయ, చింతకాయ పచ్చడి, కందిపొడి. "ఆ దేశంలో ఏటి తింటారో ఏటో" అంటూ ఆమె ఒక్కో సీసా మూత రెండేసిసార్లు బిగించింది.

పరికరాలని శుక్రవారం ఆకుపచ్చ గుడ్డల్లో ఆరు మూటలు కట్టి, ఆసుపత్రి యంత్రంలో శుద్ధిచేశారు. వాటిని మళ్లీ విప్పేది ఆపరేషన్ బల్ల దగ్గరే. చేరిన మర్నాడు ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో మూట.

ఆదివారం సాయంత్రం రైలు. పొద్దున్న కుసుమ ఏవో కాగితాల కోసం బయటికి వెళ్లి వచ్చేసరికి ఆరు మూటలూ విప్పి ఉన్నాయి. చాప మీద వరసగా పరికరాలు. ప్రతి కత్తెరకీ, ప్రతి పటకారుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు. పక్కన అగరొత్తులు.

కుసుమ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటలా సూస్తావు? దసరాకి కుట్టుమిషనుకి బొట్టెడతాం, సైకిలుకి ఎడతాం. పసిగుంటల మూతి బాగుసేసే కత్తెరకి ఎట్టొద్దేటి?" అంది పైడమ్మ.

"అత్తా, అవి చెయ్యి తగలకూడనివి!"

ఆసుపత్రికి ఫోను చేసింది. యంత్రం మరమ్మతుకి విప్పేశారట. వెళ్లబోయే ఊళ్లో కరెంటుకి నమ్మకం లేదని డాక్టరు ముందే చెప్పారు. మూటలు లేకపోతే, ఎంతెంత దూరాల నుంచో వచ్చిన ఆ ఆరుగురినీ వెనక్కి పంపాలి. ఆ సంగతి కుసుమ ఫోనులో డాక్టరుకి చెబుతుంటే పైడమ్మ విన్నది. అగరొత్తులు ఆర్పి, చాప పక్కన కూర్చుంది.

"నీ మొగుడికన్నా ముందు నాకో ఆడగుంట పుట్టింది. మొర్రి. పాలు పట్టుకోలేక పదకొండో నాడు పోయింది. గ్రహణంలో కత్తిపీట ముట్టుకున్నానని మా అత్త రెండేళ్లు నన్ను కూర తరగనివ్వలేదు. ఇయ్యాల ఈటిని సూస్తే దండం ఎట్టాలనిపించింది."

కుసుమ వచ్చి పక్కన కూర్చుంది. "గ్రహణానికీ దానికీ సంబంధం లేదత్తా. నీ తప్పేం లేదు." శిబిరాల్లో ఎంతమంది తల్లులకి చెప్పిందో ఆ మాట. సొంత ఇంట్లో చెప్పడం అదే మొదలు.

తర్వాత ఇద్దరూ నావైపు చూశారు.

కత్తెర్ల సందుల్లో ఇరుక్కున్న పసుపుని పైడమ్మే పళ్ల బ్రష్షుతో తోమింది. కుసుమ కొత్త గుడ్డల్లో మూటలు కట్టింది. అడుగున నీళ్లు, మీద జల్లిపళ్లెం, దాని మీద రెండేసి మూటలు. ఇడ్లీలకి లాగే మూడు వాయిలు.

"పప్పుకి మూడు కూతలు, మాంసానికి ఆరు. కత్తెర్లకి ఎన్నే?"

"కూతలు కాదత్తా, గడియారం. ఆవిరి నిండాక ముప్పై నిమిషాలు."

ఇన్నేళ్లూ నా కూతలు లెక్కపెట్టిన మనిషి, గడియారం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా లేవలేదు.

అక్కడ మిగతా రోజులకి పనికొస్తానని నన్ను కూడా తెమ్మన్నారు డాక్టరు. నేను ఎక్కితే పెట్టె బరువు దాటుతుంది. ఎవరూ అడక్కుండానే పైడమ్మ పచ్చడి సీసాలన్నీ తీసి బయట పెట్టింది. నన్ను ఖాళీగా పంపడానికి మాత్రం మనసొప్పక, నాలో ఒక కందిపొడి పొట్లం దాచింది.

మలావీలో మొదటి రోజు ఆరు ఆపరేషన్లూ జరిగాయి. మర్నాడు కుసుమ ఆ ఆరుగురిలో ఒక పాప పక్కన నిలబడి వీడియో కాల్ చేసింది. పైడమ్మ ఆపరేషన్ గురించి అడగలేదు.

"పాలు పట్టుకుందా?"

కుసుమ ఫోను అటు తిప్పింది. పెదవి మీద సన్నని కుట్లతో ఒక పాప, తల్లి ఒళ్లో, కళ్లు మూసుకుని తాగుతోంది. పైడమ్మ చూసింది, చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సరేనే, ఉంటాను. ఇయ్యాల గ్రహణమట. బీరకాయలు తరుక్కోవాలి."

తిరిగి వెళ్లేటప్పుడు కుసుమ నన్ను ఆ మలావీ ఆసుపత్రికే ఇచ్చేసింది. ఇక్కడి నర్సు గడియారం చూసి పొయ్యి ఆర్పుతుంది. అలవాటు కొద్దీ నేను కూత పెడతాను, ఎవరూ లెక్కపెట్టరు. తలుపు అవతల తల్లులు బల్ల మీద కూర్చుని ఉంటారు. నర్సు బయటికి రాగానే ఎవరో ఒకరు లేచి ఏదో అడుగుతారు. వాళ్ల భాష నాకు రాదు. అడిగేది పాల గురించేనని మాత్రం తెలుస్తుంది.