డబ్బా వెనక రాసింది

క్రీము డబ్బా ముందు వైపు ఏం రాసినా నేను పట్టించుకోను. అటువైపు అమ్మేవాళ్ళు మాట్లాడతారు. వెనక వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, భయపడేవాళ్ళు మాట్లాడతారు. నేను చదివేది అదే.

ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. అందుకే దాదాపు ప్రతి డబ్బా మీదా మొదటి మాట నీళ్ళు. తర్వాత గ్లిజరిన్, చర్మంలో తడి నిలబెట్టడానికి. ఆల్కహాల్ అన్న మాట కనబడగానే హడలిపోయేవాళ్ళుంటారు. సెటైల్ ఆల్కహాల్ అంటే మైనం లాంటిది, దానివల్ల చర్మం ఎండిపోదు. చివర్లో ఎక్కడో పరిమళం అని ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక యాభై రకాలు దాక్కోవచ్చు, దురద మొదలైతే ముందు దాన్నే అనుమానించాలి. నిమ్మకాయ బొమ్మ ముందు పెద్దగా వేసి, నిమ్మ పేరు వెనక పరిమళం కంటే కిందకి తోశారంటే, ఆ బొమ్మ అచ్చుకి పట్టిన రంగంత నిమ్మ కూడా లోపల లేదన్నమాట.

ఇదంతా నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. యాభై దాటాక సబ్బు కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. చదవడం వచ్చాక చేతికి దొరికిన ప్రతిదీ చదివేదాన్ని. చెత్తబుట్టలో పడేదాన్ని కూడా ఒకసారి చదివాకే పడెయ్యడం అలవాటైంది.

మా చిన్నమ్మాయికి మూడు కుర్చీల బ్యూటీ పార్లర్ ఉంది. వెనక గదిలో నా మంచం, దాని పక్కనే తువాళ్ళు ఉడకబెట్టే పొయ్యి. తువాళ్ళు ఉడికించడం, వెంట్రుకలు ఊడవడం, డబ్బాలు కడగడం నా పని. ముఖానికి పూత వేసుకుని పెదవి కదపలేక పడుకున్న ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు సంచుల్లో తెచ్చుకున్న క్రీముల వెనక రాసింది చదివి వినిపించడం కూడా నేనే చేసేదాన్ని. "మా అమ్మ ఉంటే నాకు కంపెనీ మనిషి అక్కర్లేదు," అని మా అమ్మాయి నవ్వేది. ఎవరు లేచి వెళ్తున్నా నేను గుమ్మం దాకా వెళ్ళి "మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అని అడిగేదాన్ని. అది వ్యాపారం తెలివి అని మా అమ్మాయి మెచ్చుకునేది. మనిషి గుమ్మం దాటుతుంటే నాకు గుండె దడ మొదలవుతుంది, ఏదో ఒకటి అడక్కపోతే ఆగదు. అంతకంటే ఏం లేదు.

నా కళ్ళజోడు ఎదుటి వరసలో ఉన్న అద్దాల షాపులోది. అక్కడ కౌంటర్లో ఉండే పిల్ల చేసిచ్చింది. మా అమ్మాయితో సహా అందరూ ఆ పిల్లని కళ్ళజోళ్ళ పిల్ల అనే అంటారు. "పెద్దమ్మా, నీ ముక్కు చిన్నది, లోకం మాత్రం పెద్దగా కావాలంటావు," అని నవ్వుతూ ఫ్రేము వంచి సరిచేసింది. ఆ షాపు నిండా అద్దాలే. వచ్చినవాళ్ళు ఫ్రేము పెట్టుకుని చూసుకుంటే పక్కన ఈ పిల్ల ముఖం కూడా కనిపిస్తుంది. రోజూ వందసార్లు తన ముఖం పక్కన ఇంకో ముఖం చూసుకుంటే ఎవరికైనా ఏదో ఒక లోటు కనిపిస్తుంది. తనకి బుగ్గల మీద నల్లమచ్చలు కనిపించాయి. అలా మా పార్లర్‌కి వచ్చింది.

మా అమ్మాయి దగ్గర ఒక క్రీముంది. ఇంకెక్కడా దొరకదు, పార్లర్‌లోనే ఇస్తుంది. అయిపోయాక ఖాళీ డబ్బా తెచ్చిస్తేనే కొత్తది. ఆ ఖాళీలు కడిగేది నేనే. గోరువెచ్చటి నీళ్ళలో లోపల మాత్రం కడగాలి. వెనక అతికించిన కాగితం తడవకూడదు. తడిస్తే మా అమ్మాయి నోరు లేస్తుంది. బోర్లించి ఆరబెట్టాక తను తలుపేసుకుని స్టీలు గిన్నెలో తెల్ల లోషన్ పోసి, అందులో మందుల షాపు నుంచి తెచ్చిన ట్యూబులు పిండి, గరిటెతో కలిపి నింపుతుంది. పిండేసిన ట్యూబులు బుట్టలో పడతాయి. బుట్ట నాది.

ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉంది. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో, వైద్యుని సలహా మీదే వాడాలి, ముఖానికి రాయకూడదు అని ఉంది. స్టెరాయిడ్ మందు అది. డబ్బా వెనక కాగితం మీద ఆ పేరు లేదు. అక్కడున్నది నీళ్ళు, గ్లిజరిన్, సెటైల్ ఆల్కహాల్, నియాసినమైడ్ అనే విటమిను, పరిమళం. ఆ కాగితం ఎప్పుడో కొన్న మంచి క్రీముది. ఆ క్రీము ఏనాడో అయిపోయింది.

నెలల తరబడి ఆ ట్యూబులు చదివాను. చదివి, పడేసి, డబ్బాలు కడిగాను.

కళ్ళజోళ్ళ పిల్లకి ఆ క్రీము రాసిన మొదటి నెలలోనే మచ్చలు పోయాయి. ముఖం బల్బు వేసినట్టు వెలిగింది. ఆరో నెలకి ఎండలో నాలుగడుగులేస్తే బుగ్గలు కమిలిపోయేవి. ఎనిమిదో నెలకి ముక్కు పక్కన సన్నటి ఎర్రటి నరాలు బయటపడ్డాయి, ఉల్లిపొర కింద దారాల్లా. బుగ్గల మీద నూగు లేచింది.

"పెద్దమ్మా, నువ్వు చదువు. ఇందులో నాకు పడనిదేమైనా ఉందా?" అని ఒకరోజు డబ్బా నా చేతికిచ్చింది. "వచ్చే నెల మా ఓనరు కొత్త షోరూమ్ తెరుస్తున్నాడు. కౌంటర్‌కి నన్నో, ఇంకో అమ్మాయినో తీసుకుంటాడు. తీసుకోకపోతే వెనక గదిలో అద్దాలు అరగదీస్తూ ఉండాల్సిందే. ఈ నెల ముఖం పాడవకూడదు."

"తలుపు దగ్గర వెలుతురు చాల్లేదమ్మా, తర్వాత చూస్తాను," అన్నాను. మిట్టమధ్యాహ్నం అది.

ఆ రోజు కుర్చీలు ఖాళీ అయ్యాక మా అమ్మాయిని అడిగాను.

"ఆ పిల్ల ముఖం చూశావా?"

"చూశాను. బాగుంది."

"ఆ ట్యూబు ముఖానికి రాయకూడదని రాసుందే."

దువ్వెనలోంచి వెంట్రుకలు లాగుతున్నది ఆగింది. "బుట్టలు కూడా చదువుతున్నావా?"

"చిన్నపిల్ల తల్లీ. దాని బతుకంతా ఆ ముఖం మీదే ఉంది."

"నా బతుకు దేని మీదుంది? నీ బతుకు దేని మీదుంది?" గొంతు పెంచలేదు. మా అమ్మాయికి గొంతు తగ్గినప్పుడే భయపడాలి. "అక్క ఇంట్లోంచి ఎందుకొచ్చావో గుర్తుందా?"

గుర్తుంది. పెద్దల్లుడి మాత్రల అట్ట బల్ల మీదుంటే, ఇంటి నిండా చుట్టాలుండగా, అవి దేనికి వాడతారో కూడా కలిపి గట్టిగా చదివాను. చదవడం వచ్చిందన్న సంబరం తప్ప నా మనసులో ఏమీ లేదు. మర్నాడు నా సంచి మెట్ల మీదుంది. పెద్దమ్మాయి తలుపు వెనక నిలబడి ఏడ్చింది గానీ తలుపు తియ్యలేదు. తొమ్మిదేళ్ళయింది. ఫోన్లో కూడా గొంతు విన్లేదు.

"ఆ సంచి బీరువా మీదే ఉంది," అంది మా చిన్నమ్మాయి. "నేను పారెయ్యలేదు. నువ్వే చూసుకో."

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కళ్ళజోడు మర వదులైందని అబద్ధం చెప్పి రోడ్డు దాటాను. కళ్ళజోళ్ళ పిల్ల ఒక్కతే ఉంది. చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని నా ముఖంలోకి వంగింది.

"మర బిగుతుగానే ఉంది కదా పెద్దమ్మా?"

"ఆ క్రీము మానెయ్. ఇవాళే. ఇంకొక్కసారి కూడా రాయకు."

"ఎందుకు? అందులో ఏముంది?"

"నన్నేమీ అడక్కు. నేను చెప్పానని మా అమ్మాయికి చెప్పకు. మానెయ్, అంతే."

తను నన్ను చూసి, పక్కనున్న అద్దంలో తనని చూసుకుని, తలూపింది. తిరిగి వస్తుంటే నా కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. ఒక మంచి పని చేశాననుకున్నాను.

నేను చదివింది ట్యూబు మీద పట్టినంతే. అట్టపెట్టెలు, లోపలి కాగితాలు మా అమ్మాయి మందుల షాపు దగ్గరే పారేసి వచ్చేది. ఐదో రోజు పొద్దున ఒక పెట్టె పొరపాటున ఇంటికొచ్చింది. లోపల మడిచి ఉన్న కాగితం పొయ్యి వెలుగులో చదివాను. ఎక్కువ కాలం వాడినవారు ఉన్నట్టుండి ఆపకూడదు, ఆపితే చర్మం ఎర్రబడి వాచి మండవచ్చు, వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి అని ఉంది. చదివింది మళ్ళీ చదివాను. కాగితం ఏప్రన్ జేబులో కుక్కుకుని చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటాను.

కౌంటర్లో ఇంకో అమ్మాయి ఉంది. "తను లోపల గదిలో పనిచేస్తోంది," అంది. "ఎవరినీ రానివ్వద్దంది. మీరెవరు?"

ఎవరని చెప్పను? వెనక్కొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం మూడు కుర్చీలూ నిండి ఉండగా తలుపు విసురుగా తెరుచుకుంది. ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని కళ్ళజోళ్ళ పిల్ల వచ్చింది. విప్పింది. అద్దంలో చూసిన ఒకావిడ "అయ్యో" అని నోరు మూసుకుంది. పచ్చి పుండులా ఉంది ముఖం. రెప్పలు ఉబ్బి కళ్ళు గీతల్లా మిగిలాయి. గడ్డం దగ్గర నీరు కారుతోంది.

"మీ అమ్మ మాన్పించింది," అంది మా అమ్మాయితో. ఏడుపూ కోపం కలిసిపోయి మాట సరిగా రావడం లేదు. "నిన్న ఓనరు చూసి, అంటుకునే రోగమా అన్నాడు. ఇంకో అమ్మాయిని నిలబెట్టాడు. ఎల్లుండి షోరూమ్‌కి పేరు రాస్తాడు."

మా అమ్మాయి నా వైపు చూడలేదు. వెన్నలా కరిగిపోయింది. "అయ్యో నా తల్లీ, ఐదు రోజులు ఎలా ఓర్చుకున్నావే? నా దగ్గరికి వెంటనే రావద్దూ?" కుర్చీలో పడుకోబెట్టింది. చల్లటి గుడ్డ వేసింది. కొత్త డబ్బా మూత తీసి, వేలి కొసతో, పసిబిడ్డకి రాసినట్టు రాసింది. "మంచి మందు మధ్యలో ఆపితే ఇలాగే ఉంటుంది. రేపు పొద్దున చూసుకో."

మర్నాడు వచ్చింది. వాపు సగానికి పైగా తగ్గింది. ఎరుపు కరిగి గులాబీ రంగులోకి దిగింది. మా అమ్మాయి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అక్షరాలు వచ్చినంత మాత్రాన డాక్టరైపోతారా? ఎందుకు చేశారిలా? నేను మీకేం చేశాను?"

నన్ను మీరు అనడం అదే మొదలు.

"అందులో..." అన్నాను.

"అందులో ఏముందమ్మా?" మా అమ్మాయి గొంతు తగ్గింది. డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదువు. అందరూ వినేలా చదువు. మా అమ్మకి అబద్ధం చదవడం రాదు, మీ అందరికీ తెలుసుగా. ఏముందో చదివి చూపించమనండి."

కుర్చీల్లో ఆడవాళ్ళు అద్దాల్లోంచి నన్నే చూస్తున్నారు. కళ్ళజోళ్ళ పిల్ల ఎదురుగా నిలబడింది. ఆ కళ్ళల్లో కోపం ఒక్కటే ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఎక్కడో కొంచెం ఆశ కూడా ఉంది, నేను నిజంగానే ఏదో చూపిస్తానని. ఏప్రన్ జేబులో కాగితం ఉంది. చెయ్యి పెడితే అందుతుంది. నాలుగు ముక్కలు చదివితే చాలు. తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గది కనిపిస్తోంది, బీరువా కనిపిస్తోంది, దాని మీద సంచి చెవులు కనిపిస్తున్నాయి.

కళ్ళజోడు సర్దుకున్నాను.

"నీళ్ళు," అని చదివాను. "గ్లిజరిన్. సెటైల్ ఆల్కహాల్. నియాసినమైడ్..."

"కాస్త గట్టిగా అమ్మా."

"నియాసినమైడ్. పరిమళం."

"అంతేనా?"

"అంతే. ఇంకేం రాయలేదు."

ఒకావిడ కిసుక్కున నవ్వింది. "పెద్దావిడకి చాదస్తం ముదిరింది," అంది ఇంకొకావిడ. కళ్ళజోళ్ళ పిల్ల నవ్వలేదు. నా కళ్ళల్లోకి ఒక్క క్షణం చూసి, ఆ చూపులో మిగిలిన కొంచెం ఆశ కూడా తీసేసుకుంది. "మీకు అద్దాలు మార్చాలి," అని, డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవర్నీ మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు.

రోజుకి రెండుసార్లు రాసుకుని, ఓనరు పేరు రాసే రోజుకి కౌంటర్ దక్కించుకుంది. కొత్త షోరూమ్‌లో అద్దాలు ఇంకా ఎక్కువట, నిలువెత్తువట.

నేనిప్పుడు కూడా చదువుతాను. మా అమ్మాయి చదవమన్న డబ్బా, చదవమన్నప్పుడు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ క్రీము ఇచ్చేముందు నన్ను పిలుస్తుంది. నీళ్ళతో మొదలుపెట్టి పరిమళం దగ్గర ఆపుతాను. అబద్ధం ఒక్క ముక్క చదవను. ఆ మడతకాగితం పరుపు కింద ఉంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి గానీ నాకు కంఠతా వచ్చు.

మొన్న కళ్ళజోళ్ళ పిల్ల వచ్చింది. పౌడరు మందంగా వేసుకుంది. దాని కింద ఆ ఎర్రటి దారాలు బుగ్గల దాకా పాకాయి. ఒక డబ్బా ఇప్పుడు పదిహేను రోజులు కూడా రావడం లేదట. నాతో మాట్లాడలేదు. ఖాళీ డబ్బా మాత్రం నా ముందు బల్ల మీద పెట్టింది.

తీసుకుని వెనక్కి వెళ్ళాను. గోరువెచ్చటి నీళ్ళు పోసి లోపల మాత్రం కడిగాను. కాగితం తడవలేదు.