వేరుపెట్టిన కంచం

"నీ తలె వేరే వెట్టిన. గా గూట్ల ఉన్నది. ఇగ దాంట్లనే తిను," అంది అత్త ఎంకవ్వ. పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్న రత్నవ్వ గూట్లోని కంచం అందుకుంది.

ఆమె కడుపునొప్పి రెండేళ్లది. పరగడుపున మొదలయ్యేది, ఇంత తింటే సర్దుకునేది, తెల్లవారుజామున మళ్లీ మెలిపెట్టేది. కొంగు బిగించి కట్టుకుని పసుపు తవ్వింది, ఉడకబెట్టింది, ఆరబోసింది. "పని అనంగనే నొప్పి లేస్తది దీనికి," అనేది ఎంకవ్వ. ఒకరోజు కల్లంలోనే కూలబడిపోతే భర్త దేవయ్య ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు నెత్తురు పరీక్ష చేయించి, కడుపులో క్రిమి ఉందని, పుండు చేస్తున్నది అదేనని చెప్పి రెండు వారాలకు మందులు రాశాడు. నొప్పి నిజమేనని ఒక మనిషి అన్నందుకే రత్నవ్వకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక ఆ క్రిమి మాటే ఆమె మీదికి తిరిగింది.

కంచం వేరయింది, చెంబు వేరయింది, పడక పశువుల కొట్టం పక్కకు మారింది. మూడేళ్ల కూతురు జమునకు అన్నం కలిపి పెట్టబోతే ఎంకవ్వ పిల్లను గుంజుకుంది. "పోరికి గూడ అంటిస్తవా?" పిల్ల ఏడుస్తుంటే రత్నవ్వ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయినా ఇంటిల్లిపాదికీ వండింది ఆ చేతులే, పొలానికి సద్ది కట్టింది ఆ చేతులే. అది ఎవరికీ తోచలేదు. మొదట్లో ఆమెకూ తోచలేదు. తనలో ఏదో మురికి ఉందనే నమ్మింది. బియ్యం కడిగే ముందు తోలు మండేదాకా చేతుల్ని బూడిదతో రుద్దుకునేది.

మందులు పూర్తయ్యాయి. నొప్పి పోయింది. రెండు నెలలాగి దేవయ్య మళ్లీ పరీక్ష చేయించాడు. తనకూ గుండెల్లో మంటగా ఉంటోందంటే డాక్టరు అతని నెత్తురు కూడా తీయించాడు. ఇద్దరికీ క్రిమి ఉన్నట్టే వచ్చింది.

"అంటే దీనికి పోలేదా సారూ?" అన్నాడు దేవయ్య.

"పోయుండొచ్చు. క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందనే ఈ పరీక్ష చెప్తది. ఇప్పుడు ఉన్నదా లేదా చెప్పదు. చచ్చినంక గూడ నెత్తురుల దాని గుర్తు చాన రోజులుంటది. ఖాయంగా తెల్వాలంటే గొంతులకెల్లి గొట్టమేసి చూడాలె. ఊపిరి ఊదిపిచ్చి చూసే పరీక్ష గూడ పెద్ద పట్నాలల్ల ఉన్నదంటరు. ఆమెకు నొప్పి తగ్గింది గదా, ఫికర్ లేదు. నువ్వు మందులు వాడు. చానమందికి ఇది చిన్నప్పుడే అంటుకుంటది."

ఊరికి తిరిగొచ్చే బాల్కొండ బస్సులో దేవయ్య కిటికీలోంచి ఉమ్మేసి, "గా పరీక్షలన్ని బోగస్," అన్నాడు. రత్నవ్వకు ఎన్నాళ్లకో ఊపిరాడినట్టయింది. ఈ రాత్రికి పిల్ల తన పక్కలో పడుకుంటుందనుకుంది.

వాకిట్లో ఎంకవ్వ ఎదురొచ్చింది. "ఏమన్నడు?"

"నాకేం లేదు. దీనికే ఇంకా పోలేదు."

రత్నవ్వ అతని ముఖంలోకి చూసింది. కాళ్లు కడుక్కుంటున్నాడు. అబద్ధమాడిన మనిషిలా లేడు. ఒకే రోజు, ఒకే పరీక్ష. అతనికి వచ్చింది బోగసు, ఆమెకు వచ్చింది ఖాయం. అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు. రెండేళ్ల నొప్పి కంటే అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"పొద్దు గుంకుతుంది, బియ్యం కడుగు," అంది ఎంకవ్వ.

రత్నవ్వ గడప పక్కన కూర్చుంది. "ఇగ నేను వండనత్తా."

"ఏమైంది నీకు?"

"రోగమున్న చెయ్యి గదా. ఆయనకేం లేదన్నడు, ఆయన వండుతడు."

"ఏం మాట్లాడుతున్నవే?" అన్నాడు దేవయ్య.

"సారు చెప్పింది నేను గూడ విన్న."

అతను తల దించుకున్నాడు, కాని కదల్లేదు. చివరికి ఎంకవ్వే మోకాళ్లు పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పచ్చికట్టెల పొగకు ముసలామె దగ్గుతోంది. లేచేది అతను కాదు, అత్తేనని రత్నవ్వకు ముందే తెలుసు. ఆ దగ్గు వింటుంటే ఒళ్లు దానంతటదే లేవబోయింది. గడప దగ్గరికి వచ్చిన పిల్లను ఒళ్లోకి లాక్కుని, లేవకుండా అక్కడే కూర్చుంది.