మెట్టు రెక్క

“అన్నంలో సుత నీ తెల్ల పొట్టే వస్తుంది దేవకృపా” అంటూ మా అత్తయ్య ప్రేమమణి గారు కంచం అంచు మీదున్న ఫోమ్ రవ్వను వేలితో తీసి చూపించారు. ఆ పొట్టు చీపురుకు లొంగదు, తడిగుడ్డకు లొంగదు. చీరకూ జుట్టుకూ అతుక్కుని నాతో పాటు బస్సెక్కి స్కూలు దాకా వస్తుంది. చెత్తగా ఉన్నంతసేపూ అది నాది. అదే ఫోమ్ విమానమై హాల్లో గోడకు వేలాడితే మాత్రం, వచ్చినవాళ్లకు అత్తయ్య చూపిస్తూ “మా ఎరిక్ చేసిండు” అంటారు.

ఎరిక్ నా భర్త. రైల్వే ఆఫీసులో ఉద్యోగం, రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలంటే పిచ్చి. ఎగరేయడం ఆయనకు నిజంగానే బాగా వచ్చు, అబద్ధమెందుకు? చెయ్యడమే రాదు. ఆయన కట్టర్ పట్టుకుంటే షీటు అంచు ఎలుక కొరికినట్టు వస్తుంది. నేను పద్మారావు నగర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పి, ఐదింటికి మౌలాలిలో ఇల్లు చేరి, టీ పెట్టి, కూర తరిగి, ఆ చేత్తోనే కట్టర్ తీసుకుంటాను.

మూడేళ్ల కిందట ఒక రెక్క నా చేతిలో చిట్లింది. కొత్త షీటు లేదు. చిట్లిన చోట బలంగా ఉంటుందని, రెక్క ముందు సగం మీద ఇంకో ముక్క అంటించాను. ముందు సగం మందం, వెనక సగం పల్చన, మధ్యలో ఒక మెట్టు. “ఇదేందీ, విమానానికి గడప కట్టినవా?” అని ఎరిక్ పగలబడి నవ్వాడు. ఆ సాయంత్రం ఎగరేసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆ రెక్కను తిప్పి తిప్పి చూశాడు. “గాలిల నిలబడ్డది కృపా. స్పీడు తగ్గించినా పడ్తలేదు” అన్నాడు. గాలి ఆ మెట్టు వెనకాల చిన్న సుడి తిరిగి రెక్కను ఆదుకుంటుందట. ఇంటర్నెట్‌లో వెతికితే ఇలాంటి రెక్కలు ఎప్పటినుంచో ఉన్నాయని తెలిసింది. “ఎవడో ఎప్పుడో కనిపెట్టిండు లే, నువ్వేం కొత్తగ చేయలే” అన్నాడు నాతో. విమానాలెగరేసే క్లబ్బులో వాళ్లతో మాత్రం ఆ మాట అనలేదు. అక్కడది ఎరిక్ రెక్క అయిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ తర్వాత ఎన్ని చేశానో. మెట్టు ఎక్కడ రావాలో, వేలెడు వెనక్కి జరిగితే ఏమవుతుందో, రెండు రెక్కలూ ఒకే బరువు తూగాలంటే ఎక్కడ గీకాలో నాకు తెలుసు. జిగురు గన్ కాల్చిన మచ్చలు వేళ్ల నిండా ఉన్నాయి. అయినా నా రెక్క ఎగరడం ఫోన్లో తప్ప ఒక్కసారీ చూడలేదు. కీసర అవతల ఖాళీ ప్లాట్లలో ఎగరేస్తారు. నేనూ వస్తానంటే, “ఆడ బాత్రూం లేదు, నీకే తక్లీఫ్” అంటాడు. నా కష్టం మీద ఆయనకున్న శ్రద్ధంతా ఆ ఒక్క బాత్రూం దగ్గరే కనిపిస్తుంది.

పోయిన నెల ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు శనివారాలు వచ్చి పిల్లలకు విమానాలు నేర్పమని ఎరిక్‌ను పిలిచారు. అత్తయ్య వెంటనే ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించారు. మేలు జరిగినవాళ్లు ఆ కూటంలో లేచి, దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ చెప్పాలి. దాన్ని మేము సాక్ష్యం అంటాం. అక్కడ చెప్పిన మాట సంఘంలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అందుకే ముందురోజు చొక్కాలు ఇస్త్రీ చేస్తూ అడిగాను. “సాక్ష్యంలో ఒక్క మాట చెప్పండి, రెక్కలు నేను చేస్తానని.”

“గంతేనా? చెప్తా లే. దానికి పరేషాన్ ఎందుకు?”

ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కూటానికి నలభై మంది వచ్చారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎరిక్ లేచాడు. దేవుడు తన చేతులకు ఈ పని నేర్పాడన్నాడు. నా వైపు చూసి, “నా భార్య సుత చాలా సపోర్ట్ చేసింది” అన్నాడు. చెప్పేస్తున్నాడనుకున్నాను. “నేను రెక్కలు చేసుకుంట కూసుంటే టైముకు చాయ్ ఇస్తది. చెత్తంత ఊడుస్తది. ఒక్క మాట అనదు.” అందరూ ముచ్చటగా నవ్వారు. పక్కింటి క్యారల్ ఆంటీ “లక్కీ ఫెలో” అంది.

పాస్టర్ కాలేబు గారు నన్ను పిలిచారు. “అమ్మా దేవకృపా, నువ్వు కూడా ఒక సాక్ష్యం చెప్పమ్మా.”

చెప్పు, ఇప్పుడే చెప్పు అనుకుంటూ హాల్లోకి వచ్చాను. ఎరిక్ కోపంగా చూసి ఉంటే చెప్పేసేదాన్నే. ఆయన భయంగా చూశాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన నన్ను చూసి భయపడటం అదే మొదటిసారి. చెబితే ఆ కాలేజీ ఏమవుతుందో, అత్తయ్య ఏమంటారో, అందరూ వెళ్లిపోయాక మేం ముగ్గురమే ఈ ఇంట్లో ఎలా మిగులుతామో అన్నీ ఒక్కసారే కళ్లముందుకు వచ్చాయి. “మావారి చేతులకు దేవుడిచ్చిన నేర్పును బట్టి స్తోత్రం” అన్నాను. నలభై గొంతులు ఆమేన్ అన్నాయి. అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది. దేవుడి పేరు మీద నిలబడి అబద్ధ సాక్ష్యం చెప్పాను, ఎవరూ బలవంతం కూడా చేయలేదు.

“మంచిగ చెప్పినవ్” అన్నాడు ఎరిక్, అందరూ వెళ్లాక. అంతే. చెప్తానన్న మాట ఆయనకు గుర్తే లేనట్టు, “శనివారానికి ఆరు జతలు కావాలె. జెర జల్దీ కానియ్యి” అన్నాడు.

చేశాను. చేయననడం నాకు చేతకాలేదు. కాకపోతే ఈసారి పై ముక్క అంటించే ముందు, కింది షీటు మీద స్కెచ్ పెన్నుతో “ఇది చేసింది దేవకృప” అని రాశాను. దాని మీద పై ముక్క అతికించి, ఆరేదాకా పదో తరగతి లెక్కల పుస్తకాలు బరువు పెట్టాను. ఆరు జతల మీదా రాశాను. మెట్టు కింద నా పేరుందని బయటికి ఏమాత్రం తెలియదు. రెక్క విరిగితే తప్ప ఎవరూ చదవలేరు.

శనివారం పొద్దున విమానాలు కారులో సర్దుకుని ఎరిక్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “ప్రేయర్ చెయ్యి కృపా. పిల్లల ముందు ఒక్కటి సుత కూలొద్దు.”

చేస్తానన్నాను. కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి, మోకరించి, చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా ప్రార్థన చేశాను. ఒక్కటైనా కూలాలని.