మెడగాళ్ళు ఎనిమిదే

మా ల్యాబులో క్రోమోజోములకు నడుముంటుంది. పుస్తకాల్లో దాన్ని సెంట్రోమియర్ అంటారు. నడుము నట్టనడుమ ఉన్నవి ఒక వరస, కాస్త పైకి జరిగినవి ఇంకో వరస, మెడ దాకా ఎగబాకినవి చివరి వరస. ఆ చివరివాళ్ళకు మేం పెట్టుకున్న పేరు మెడగాళ్ళు. ఆడమనిషి కణంలో వాళ్ళు పదిమంది ఉండాలి. ఈ పని కళ్ళు మూసుకుని చేస్తాననేదాన్ని. నోరుంది కదా అనడానికి!

ఆ రోజు స్లైడు మా చెల్లెలిది. దానికి మూడు కడుపులు పోయాయి. ఉండేది పై అంతస్తులో. "మెట్లు దిగకే అంటే వింటేనా?" అని అమ్మ సాధింపు. చివరికది కిందికి రావడమే మానేసింది. "నా వల్లే పోయారేమో చూడక్కా. అబద్ధం మాత్రం చెప్పకు" అంటూ, నేను పైకి వెళ్తే రక్తమిచ్చింది.

మెడగాళ్ళు ఎనిమిదిమందే తేలారు. స్లైడు చేసేటప్పుడు కణం చిట్లి ఒకటీ అరా జారిపోవడం మామూలే, అలాగే పోయుంటాయనుకున్నాను. అనుకోవాలనిపించింది, అదీ సంగతి. రెండో కణంలోనూ ఎనిమిదే, మూడోదాంట్లోనూ అంతే. ప్రతిసారీ ఆ ఇద్దరే ఎలా జారిపోతారు, నా బొంద! అప్పుడు నడుము మధ్యవాళ్ళ వరస మళ్ళీ చూశాను. అక్కడ ఒకటి ఎక్కువుంది. చారలు పోల్చి చూస్తే సగం పదమూడో నంబరు, సగం పద్నాలుగు. ఇద్దరు మెడగాళ్ళు అతుక్కుని ఒక్కటై, నడుము మధ్యలో పెట్టుకుని పెద్దమనిషిలా కూర్చున్నారు. మూడుసార్లూ దాన్ని ఆ వరసలో వేసింది ఈ ఘనురాలే. నాకు ఏడుపొచ్చింది.

"ఇలా ఉన్న మనిషికి ఏ లోటూ ఉండదు, బిడ్డల దగ్గరే చిక్కు, కడుపులు నిలవవు. మంచి బిడ్డ పుట్టే అవకాశమూ లేకపోలేదు. ఎక్కువగా తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, వాళ్ళనీ చూడండి" అన్నారు మా డాక్టరుగారు.

నాన్న లేరు. అమ్మ రక్తం చూశాం. అందులోనూ అదే ఉంది.

అమ్మను వెంటబెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళి, దాచకుండా ఇద్దరికీ చెప్పేశాను. చెల్లెలు తలెత్తలేదు. అమ్మే నా చెయ్యి పట్టుకుంది.

"నీకూ దీనికీ మధ్యన కడుపులోనే ఇద్దరు పోయారే. నీళ్ళ బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కేదాన్ని. చేజేతులా చంపుకున్నావంది మా అత్త. మీకెప్పుడూ చెప్పలేదు. అయితే, ఆ బకెట్టు వల్ల కాదా?"

"కాదమ్మా."

"మెట్ల వల్లా కాదా?"

"కాదు."

అమ్మ ముఖం ఒక్కసారిగా తేటపడింది. అంతలోనే చెల్లెలి వైపు చూసి వాడిపోయింది.

"మరి, దీనికిచ్చింది నేనేనా?"

చెల్లెలు కళ్ళు తుడుచుకుని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికే?" అంది అమ్మ.

"కిందికి. నువ్వూ రామ్మా. ఇన్నాళ్ళూ ఇద్దరం ఊరికే తిట్లు తిన్నాం."

అమ్మ చెంగుతో ముఖం ఒత్తుకుని వెనకే కదిలింది. చెల్లెలు మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, "మెల్లగా దిగవే, కడుపు..." అని అమ్మ అలవాటు కొద్దీ అనేసి, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.