మూకుడులో గ్లిజరిన్

కైలాసం గరిటె ఎత్తి చూశాడు. మరిగే నీళ్ళ తపేలాలో నిలబెట్టిన గిన్నెలో జిగురు పలకలు కరిగి, తీగలా సాగుతున్నాయి. డబ్బా వంచాడు. గ్లిజరిన్ చప్పుడు లేకుండా జారింది. అచ్చుయంత్రం రోలరుకు మెత్తదనం ఇచ్చేది అదే. తక్కువైతే చలికి పగులుతుంది. పగిలిన రోలరు అక్షరాలకు సిరా సరిగా పూయదు.

"గీసారి గూడ పలిగితే హైదరాబాద్ నుంచి రబ్బరుది తెప్పిస్త. ఇగ నీకేం పని చెప్పాలె కైలాసం?" అన్నాడు ప్రెస్సు యజమాని అంబదాస్.

"పలగది సేటూ."

ఎందుకు పగలదో అతనికే తెలుసు. ప్రతిసారీ గరిటెడు గ్లిజరిన్ సీసాలో దాచి ఇంటికి తీసుకెళ్ళి, నీళ్ళు కలిపి, భార్య శంకరవ్వ మడిమలకు రాసేవాడు. పోయినసారి పోసిన రోలరు పగిలింది ఆ గరిటెడు వల్లేనా? కాకపోవచ్చు. కానీ యంత్రం తిరిగినప్పుడల్లా రోలరు మీది పగులు ఆమె మడిమలా కనిపించేది. ఒకచోట పూడ్చింది ఇంకోచోట తెరుచుకుందనిపించేది.

ఈసారి అంతా గిన్నెలోనే పోశాడు. కలుపుతుంటే ఎడమ భుజం లాగింది. చెయ్యి మార్చుకున్నాడు. నడుమ ఇనుప కడ్డీ నిలిపిన ఇత్తడి గొట్టంలోకి, గాలిబుగ్గలు రాకుండా, సన్నటి ధారగా పోశాడు. గట్టిపడ్డాక బయటికి లాగాలి.

వెళ్ళబోతూ ఆగాడు. ఎవరూ ముట్టని ఉర్దూ అచ్చుల పెట్టె పక్కన మూకుడు పెట్టి, రెండు చెక్క ముక్కల ఆనికతో ఖాళీ డబ్బాను దానిమీద బోర్లించాడు. డబ్బా గోడలకు అంటుకున్నది తెల్లారేసరికి కారుతుంది. అది ఎవరిదీ కాదు.

శంకరవ్వ పొయ్యి ముందు కాళ్ళు చాపుకొని ఉంది. నాట్లలో నానిన మడిమలు నెర్రెలు విచ్చాయి.

"ఏమాయె, గియ్యాల తేలేదా?"

"లే. రేపు తెస్త."

"అవ్వో! నా కాళ్ళకు గూడ వాయిదాలేనా?"

అతను ఉత్త చేత్తోనే మడిమ నిమిరాడు. ఆమె నవ్వింది. "గీ మెత్తటి చేతులు జూసే మా బాపు పిల్లనియ్యనన్నడు. పనిజేసే చేతులు కావన్నడు."

తిన్నాక అతను గోడకు ఆనుకున్నాడు. ఆమె గిన్నెలు కడిగి వచ్చేసరికి అరచేతులు ఒడిలో తెరిచి ఉన్నాయి. నిద్రపోయాడనుకుంది. రెండుసార్లు పిలిచింది. భుజం తడితే పక్కకు ఒరిగిపోయాడు.

రోలరును సేటే గొట్టంలోంచి లాగాడు. ఒక్క బుగ్గ లేదు. చలికాలమంతా పగల్లేదు.

అచ్చుల పెట్టె పక్కన డబ్బా బోర్లించే ఉంది. మూకుడులో చేరిన గ్లిజరిన్ వేసవిలోనూ ఎండలేదు. వానలు మొదలయ్యాక, గాలిలోని తడి తాగి, కొంచెం పెరిగింది.