గడియసేపు

స్నానానికి వెళ్ళి ఒంటిమీద రెండో చెంబు పోసుకునేలోపే అత్తయ్య తలుపు కొట్టింది. "ఏమ్మా, ఇంకా ఎంతసేపు? పాలు పొంగుతున్నాయి." పాలగిన్నె ముందు నిలబడి ఉన్న మనిషి, మంట తగ్గించడానికి చెయ్యి ఉన్న మనిషి, అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చి, పాలు పొంగుతున్నాయని నాకు చెబుతుంది. ఆ కొట్టడం కూడా మర్యాదకే. మా స్నానాలగదికి లోపల గడియ లేదు. కొత్త కాపురంలో దానికోసం తడుముకుంటే, తలుపు వెనక మరలు ఊడదీసిన బొక్కలు తగిలాయి. అడిగాను. "మనింట్లో పరాయివాళ్ళు ఎవరున్నారమ్మా? ఎవరికి దాపరికం?" అంది అత్తయ్య. ఆమెకూ ఒకప్పుడు ఎవరో ఆ మాటే చెప్పి ఉంటారు. మా ఆయనకు గడియతో పనిలేదు. ఆయన తలుపు దగ్గరగా వేస్తే చాలు, ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడతారు. గడియ అంటే తలుపుకు ఉండేది, గడియ అంటే కాసేపు. మా ఇంట్లో ఆడవాళ్ళకు ఆ రెండూ లేవు.

నా ఉద్యోగం పేరు చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. ఆక్యుపేషనల్ థెరపిస్టు. పుట్టుకతోనో జబ్బువల్లో చేతులు చెప్పినమాట వినని పిల్లలకు పెన్సిలు పట్టుకోవడం, చెంచా నోటిదాకా తీసుకెళ్ళడం, తమ పని తాము చేసుకోవడం బళ్ళోనే నేర్పుతాను. మా ఆయన స్నేహితులు వచ్చినప్పుడు, "మా ఆవిడ బళ్ళో పిల్లల చొక్కాలకు బొత్తాలు పెడుతుంది, అందుకు జీతం కూడా ఇస్తారు" అని పరిచయం చేస్తారు. అందరూ నవ్వుతారు. టీ అందిస్తూ నేనూ నవ్వుతాను. ఆయన చొక్కా బొత్తం ఊడితే కుట్టేదాన్నీ, ఆ చొక్కా ఉతికి ఇస్త్రీ చేసేదాన్నీ నేనే. ఆ పనికి నోరు తిరగని పేరు కాదుగదా, అసలు పేరే లేదు.

బళ్ళో మెట్లకింద, విరిగిన బెంచీలు పడేసే గది నాకిచ్చారు. టీచర్లు అటుగా వెళ్తూ తొంగిచూసి, "ఖాళీయేగా మేడమ్, ఈ అట్టముక్కలు కత్తిరించి పెట్టరూ? చేతిపని అంటే మీరే చెయ్యాలి" అంటారు. గోడలమీద ఉన్న రంగు కాగితాల పూలన్నీ నేను కత్తిరించినవే. ఆ పూలముందు నిలబడి హెడ్‌మాస్టరు గారు ఫొటోలు దిగుతారు.

కొత్తగా ఒక బిడ్డ నా దగ్గరకు వస్తే ముందు ఇంట్లోవాళ్ళను అడుగుతాను, మీ బిడ్డకు ఏం వస్తే బాగుంటుందని. మగపిల్లలవాళ్ళు సంతకం అంటారు, కంప్యూటరు అంటారు, బండి నడిపితే చాలు మేడమ్ అంటారు. ఆడపిల్లలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అంట్లు తోముకోవడం వస్తే చాలంటారు. మొదట్లో ఇది పేదవాళ్ళ మాట అనుకున్నాను. కారు దిగి వచ్చినవాళ్ళు కూడా మాట కాస్త మార్చి ఇదే అడిగారు.

ఏడో తరగతి పిల్ల ఒకతి ఉంది. పుట్టినప్పుడే ఎడమవైపు బలహీనపడి, ఆ చేతి వేళ్ళు బొటనవేలిని లోపల దాచుకుని ముడుచుకునే ఉంటాయి. క్లాసులో పిల్లలు ఆమెను గుప్పిట అని పిలుస్తారు. పిలిస్తే పలుకుతుంది కూడా. తండ్రి కరెంటు పనులు చేస్తాడు. "రాతకేముంది మేడమ్, కుడిచేత్తో బానే రాస్తుంది. గిన్నె పట్టుకోలేదు. రేపొక ఇంటికి వెళ్తే వాళ్ళకేం చేసిపెడుతుంది?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అంటున్నప్పుడు కూతురి జడ సరిచేస్తూనే ఉన్నాడు. ఆయన వెళ్ళాక పిల్లను అడిగాను, నీకేం రావాలని ఉందని. నేలచూపులు చూసి, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"గడియ పెట్టుకోవడం రావాలి మేడమ్."

వెళ్ళి చూశాను. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఒక పక్కకు కుంగిపోయింది. ఒక చేత్తో తలుపును పైకెత్తి పట్టుకుంటేగాని రెండో చేత్తో గడియ జరపలేం. తుప్పు వేరే. ఆ పిల్ల కోసం తోటిపిల్లలు బయట కాపలా ఉండేవాళ్ళట. బదులుగా వాళ్ళ హోంవర్కు రాసిపెట్టేదట. ఒకరోజు సరదాకి వదిలేసి పక్కకు పోయారు. ఇంకెవరో తలుపు తోశారు. అప్పటినుంచి పొద్దున బడికి వచ్చింది మొదలు ఇంటికి వెళ్ళేదాకా ఆ పిల్ల చుక్క నీళ్ళు తాగదు. ఆమధ్య జ్వరమొచ్చి ఆసుపత్రిలో కూడా పడుకుందట. నేను చదివిన పల్లెటూరి బళ్ళో అసలు తలుపే లేదు. ఒకరికొకరం అడ్డం నిలబడి మేమే తలుపులయ్యేవాళ్ళం. ఆ సంగతి మర్చిపోయాననుకున్నాను.

విరిగిన బెంచీ చెక్కకు ఒక పాత గడియ బిగించాను. ముందు ఆ చెక్కమీద పిల్ల నేర్చుకుంది. తలుపు ఎత్తడానికి చెయ్యే అక్కర్లేదు, భుజం ఆనించి, తలుపు కింద పాదం దూర్చి పైకి లేపవచ్చు. ముడుచుకున్న గుప్పిటను తలుపుకు అదిమిపెడితే అది జారకుండా ఆపుతుంది, కుడిచెయ్యి గడియ సంగతి చూసుకుంటుంది. నేను అసలు తలుపు దగ్గరకు వెళ్ళి తుప్పు గీకి మైనం రుద్దాను. ఎన్నోసార్లు తలుపు జారింది, పిల్ల ఏడ్చింది, నామీద అలిగింది. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి ఏమీ చెప్పకుండా నా సీసా తీసుకుని గటగటా నీళ్ళు తాగేసింది. నాకు తెలిసిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఒక పీరియడంతా బయటకు రాలేదు. క్లాస్ టీచరు వెళ్ళి తలుపు బాదింది. అటెండరు తలుపు పగలగొట్టబోతుంటే గడియ తీసి బయటకు వచ్చింది.

"ఏం చేస్తున్నావే ఇంతసేపు లోపల?"

"ఏం లేదు టీచర్. ఊరికే ఉన్నా."

అది పొగరని టీచరమ్మ అందరికీ చెప్పింది. సాయంత్రానికల్లా ఆడపిల్లల తలుపులన్నిటికీ గడియలు ఊడదీయించారు హెడ్‌మాస్టరు గారు. పిల్లల క్షేమం కోసమట. రేపు తండ్రిని పిలిపిస్తున్నామనీ, ఆ పిల్లకు గడియ నేర్పడం నా పొరపాటని ఆయన ముందు నేను ఒప్పుకోవాలనీ, ఇకనుంచి ఆయా వెంట ఉంటుందని ఆ పిల్లకు నేనే నచ్చజెప్పాలనీ కబురు పంపారు. లేకపోతే మెట్లకింద గది ఖాళీ చెయ్యవలసి ఉంటుందని అటెండరు మెల్లగా చెప్పాడు.

ఇంట్లో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. "ఆడపిల్లకు లోపల అంతసేపు ఏం పని?" అంది అత్తయ్య. మా ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు. "తప్పయిపోయిందండీ అంటే పోయేదేముంది? ఇంట్లో అనట్లేదా?"

అవును, అంటాను. కూరలో ఉప్పు తగ్గితే అంటాను. ఆలస్యంగా వస్తే అంటాను, ఆయన ఆలస్యంగా వచ్చేసరికి అన్నం చల్లారిపోయినా అంటాను. ఎవరి తప్పో చూసుకోవడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఆ మాట అనేస్తే గొడవ ఆగుతుంది, నాకు గిన్నెలు కడుక్కోవడానికి వీలవుతుంది. ఆయన అన్నది ఎగతాళికి కాదు. నిజంగానే నాకు అది తేలికైన పని అనుకున్నారు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

మర్నాడు హెడ్‌మాస్టరు గారి గదిలో ఆయనా క్లాస్ టీచరూ కూర్చున్నారు. నేనూ, ఆ తండ్రీ నిలబడ్డాం. పిల్ల గోడకు ఆనుకుని, ఎడమచెయ్యి వెనక దాచుకుని ఉంది.

"లోపల ఏమైనా అయితే బాధ్యత ఎవరిదమ్మా?" అన్నారు హెడ్‌మాస్టరు గారు. "మీ థెరపీ ఏమో నాకు తెలియదు. పేపర్లో పడేది నా పేరు. చెప్పండి, నిన్ననే కబురు పంపానుగా."

తప్పయిపోయిందన్న మాట నాలుక చివరకు వచ్చేసింది కూడా. అలవాటు అలాంటిది. పిల్లవైపు చూశాను. పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. మళ్ళీ నీళ్ళు మానేసింది.

"బయటినుంచి అయినవాటికి బాధ్యత ఎవరిదండీ?" అన్నాను.

"అంటే?"

"ఇన్నేళ్ళూ ఈ పిల్ల లోపలుంటే ఆ తలుపు ఎవరు తోసినా తెరుచుకునేది. ఒకసారి తోశారు. ఆ భయంతో ఈ పిల్ల రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చుంది. జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకుంది. అప్పుడెవరూ మమ్మల్నిలా పిలిపించలేదు."

తండ్రి కూతురివైపు తిరిగాడు. "ఆ జ్వరం ఇందుకా? నాకెందుకు చెప్పలేదమ్మా?" పిల్ల తల ఇంకా దించుకుంది. ఆయన ముఖం నేను చూడలేకపోయాను. గిన్నె పట్టుకోవడం గురించి ఇంకెప్పుడూ అడగడనిపించింది.

హెడ్‌మాస్టరు గారు బల్లమీద కాగితాలు సర్దారు. టీచరమ్మ ఫ్యానువైపు చూసింది. "సరే, సరే. తర్వాత చూద్దాంలెండి. మీరు వెళ్ళండమ్మా, బెల్లు కొట్టే టైమయింది."

"గడియలు మళ్ళీ పెట్టిస్తారా అండీ?"

ఆయన గోడమీద గడియారం చూశారు. నా సంచిలో ఫోను మోగింది. మా ఆయనే అయి ఉంటారు, టిఫినుడబ్బా మూత కనపడట్లేదనో, తాళంచెవి ఎక్కడనో. మోగి ఆగిపోయింది.

మా చదువులో మొట్టమొదట నేర్పేది ఒకటుంది. పిల్లను ఒకటి అడిగాక ఇక మనం మాట్లాడకూడదు. జాలిపడి చెయ్యి అందివ్వకూడదు. సగం మాట మనమే పూరించకూడదు. మొహమాటానికి నవ్వకూడదు. జవాబు వాళ్ళది, వాళ్ళే తెచ్చుకోవాలి. పిల్లలందరి దగ్గరా అలా ఆగగలిగిన నేను పెద్దవాళ్ళ దగ్గర ఒక్కసారీ ఆగలేదు. అడిగిన మరుక్షణం నేనే 'పోనీలెండి' అని వాళ్ళను ఒడ్డున పడేసేదాన్ని.

బెల్లు కొట్టారు. టీచరమ్మ లేచింది. ఎవరూ కూర్చోమనకపోయినా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, హెడ్‌మాస్టరు గారి ముఖంలోకి చూస్తూ, జవాబు కోసం ఆగాను.