పొట్టి పుల్ల

మూడో రోజు కూడా దాల్చినచెక్క తగలబడుతూనే ఉంది.

గిడ్డంగి వెనక దొడ్లో తవ్విన గోతిలోకి పొద్దుటి నుంచి ఆడకూలీలు గంపలు మోసుకొచ్చి గుమ్మరిస్తున్నారు. పొగ కాలవ దాటి ఆమ్‌స్టర్‌డామ్ సగానికి పాకింది. వీధుల్లో జనం ఏదో పండగ వంట అనుకున్నారట. దొడ్లో ఉన్నవాళ్లకి మాత్రం ఆ తీపి వాసన గొంతులో కొవ్వులా పేరుకుపోయింది. నీల్చె మధ్యాహ్నం తిన్న రొట్టె కాస్తా గోడవార కక్కేసింది.

సరుకు పాడైపోలేదు, పురుగు పట్టలేదు. అటకల మీద ఎక్కువైంది, అంతే. ఎక్కువైతే ధర పడిపోతుందని డచ్చి కుంపిణీ పెద్దలు కూర్చుని తేల్చారు. ఎవరూ ఒక్క ముక్క ఏరుకోకుండా కంచె పొడుగునా తుపాకీవాళ్లని నిలబెట్టారు. ఏరుకుంటూ దొరికిన ఆడదాన్ని నూలు వడికే జైల్లో ఆరు నెలలు కూర్చోబెడతారు.

నీల్చెది గేటు దగ్గర సోదా పని. ఆడవాళ్ల ఒంటిమీద మగవాడు చెయ్యి వేయకూడదని అక్కడ నియమం. అంత మర్యాదస్తులు మరి. అందుకని ఏ కూలిమనిషి బయటికి పోవాలన్నా నీల్చె తడిమి చూసి తలూపాలి. రోజుకు ఎనిమిది స్టైవర్ల కూలి, గేటు పక్కన పొయ్యి ఉన్న గది, జబ్బకి కట్టుకునే ఇత్తడి బిళ్ల. ఇదంతా దయ తలచి ఇచ్చినది. ఆమె కొడుకు హార్మెన్ పంతొమ్మిదో ఏట ఓడెక్కి సింహళం పోయి, ఆ దాల్చిన అడవుల్లోనే జ్వరమొచ్చి చచ్చిపోయాడు. పెట్టె తిరిగొచ్చింది. అందులో రెండు చొక్కాలు, ఒక చాకు ఉన్నాయి. ఆరేళ్లుగా ఆమె ఆ బిళ్ల కట్టుకుని తోటి ఆడవాళ్ల బట్టలు తడుముతోంది. ఈ మూడు రోజులుగా గోతి వైపు పోయే ప్రతి గంపనీ చూసి, నా బిడ్డ ఏ గంప కోసం పోయాడో అనుకుంటోంది.

సాయంత్రం గంట కొట్టారు. ముప్ఫై మంది గేటు దగ్గర వరస కట్టారు.

"కానియ్యండి, కానియ్యండి. నా అన్నం చల్లారిపోతోంది" అన్నాడు మేస్త్రీ రైనీర్. పాలలో ఉడికిన అన్నం అతని ముందు బల్లమీద ఉంది. దానిమీద వేలి మందాన దాల్చినపొడి. పొగ పడక ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, చెంచా నోటికి వచ్చినప్పుడల్లా తీసి తింటున్నాడు.

ఎనిమిది మంది వెళ్లాక ఫ్రౌకె వచ్చి నిలబడింది. నీల్చె కంటే పదేళ్లు చిన్నది, గంపలు మోసి మోసి మెడ వంగిపోయింది. వారం కిందట ఆమె కూతురికి కాన్పయింది. అల్లుడు ఇదే కుంపిణీ ఓడలో ఏ సముద్రంలో ఉన్నాడో.

"పసిది ఎలా ఉందే?" భుజాలు తడుముతూ అడిగింది నీల్చె.

"బానే ఉందక్కా. రేపు ఇరుగుపొరుగంతా చూట్టానికొస్తామన్నారు."

వస్తే వేడి కాందేలు పొయ్యాలి. ద్రాక్షసారాలో గుడ్లూ పంచదారా వేసి కాచి, వచ్చినవాళ్ల ఎదుటే దాల్చినపుల్లతో కలిపి ఇవ్వాలి. మగపిల్లాడికి పొడుగు పుల్ల, ఆడపిల్లకి పొట్టిది. పుల్ల లేకుండా గరిటెతో కలిపిన ఇంటిని వీధి వీధంతా ఆ పిల్ల పెళ్లీడు దాకా చెప్పుకుంటుంది.

నీల్చె చెయ్యి ఫ్రౌకె టోపీ మీదికి వెళ్లింది. గుడ్డ కింద, జుట్టు ముడిలో వేలెడంత గట్టిగా తగిలింది.

"పొట్టిదే తీశానక్కా" అంది ఫ్రౌకె, పెదాలు కదపకుండా. "ఆడపిల్లే కదా."

వెనక గోతిలో వెయ్యి ఇళ్ల పురుళ్లకి సరిపడా చెక్క చిటపటలాడుతోంది. అక్కడే ఆగిపోయిన తన చేతిని చూసుకుంటే నీల్చెకి అసహ్యం వేసింది. ఆరేళ్లలో ఈ చెయ్యి ఎన్ని తలలు వెతికిందో.

రైనీర్ చెంచా దించాడు. "ఏంటక్కడ?"

"ఏం లేదండి."

"లేకపోతే ఆ టోపీ విప్పించు. పిన్నులు తియ్యడం కూడా నేర్పాలా నీకు?"

"ఈ మూడు రోజుల్లో ఎన్ని గంపలు కాల్చారండి?"

"నీకెందుకమ్మా ఆ లెక్క?"

"నా కొడుకు పోయింది వాటికోసమే కదా. అడిగాను."

"మళ్లీ కొడుకు." రైనీర్ నిట్టూర్చాడు. "ఆ కొడుకు పేరు చెప్పే నీకు గదిచ్చారు, పొయ్యి ఇచ్చారు. ఆ సంగతి గుర్తుంచుకుని పని చూడు."

"గుర్తుందండి" అంది నీల్చె. జబ్బనున్న నాడా ముడి బిగుసుకుపోయి ఉంది. పళ్లతో లాగి విప్పింది. ఇత్తడి బిళ్లని బల్లమీద, అన్నం గిన్నె పక్కన పెట్టింది. "నేను వెతకను. మీరే వెతుక్కోండి."

రైనీర్ కుర్చీలోంచి సగం లేచి ఫ్రౌకె తలవైపు చెయ్యి చాపబోయాడు. కంచె దగ్గరి తుపాకీవాళ్లు, వరసలోని ఆడవాళ్లు అందరూ ఆ చేతినే చూస్తున్నారు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

గాలి మళ్లి పొగ గేటు మీదికి దిగింది. వరస చివర ఇంకో ఇద్దరు మెల్లగా తమ టోపీ నాడాలు బిగించుకున్నారు.